తెల్లబువ్వ చీటీ

నేను ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఏం తినాలో, ఏం తినకూడదో రోగులకు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. అందులో సగం మాటలు వాళ్ల వంటిల్లు ఎలా ఉంటుందో తెలియకుండా చెప్పినవే. నర్సింగులో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. అందుకే నా గొప్పలు పక్కనపెట్టి, నన్ను సిగ్గుపడేలా చేసిన ఒక కేసు గురించి వివరంగా చెబుతాను. ప్రమోషన్లు, బదిలీలు ప్రతి ఉద్యోగికీ ఉండేవే, వాటి జోలికి పోను.

మాది తాండూరు. పోలీసు చర్య జరిగిన ఏడు నేను అక్కడి బడిలో ఉర్దూలో లెక్కలు నేర్చుకుంటున్నాను. మాది భూమి ఉన్న కుటుంబం. ఇంట్లో రెండు పూటలా వరి అన్నమే వండేవాళ్లు. జొన్నరొట్టె మా నాయన సరదాపడి చేయించుకుని తినేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా పొరపాటంతా ఇక్కడే ఉంది. ఆడపిల్ల పరాయి మగవాళ్ల పుండ్లు కడగడమేమిటని మా పెదనాన్న ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అయినా పట్నంలో ట్రైనింగు పూర్తిచేశాను. కొన్నాళ్లు అక్కడా ఇక్కడా పనిచేసి, అరవైల మొదట్లో వికారాబాద్ దవాఖానకు వచ్చాను.

డాక్టర్ సాబ్

అక్కడ అందరికీ కలిపి ఒక్కరే డాక్టరు. మేమంతా డాక్టర్ సాబ్ అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. చెయ్యి మంచిది. కడుపు నొక్కి చూసి చెప్పిన రోగం తప్పేది కాదు. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది. ఆయనలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉండేది. ఆడరోగులతో నేరుగా మాట్లాడేవాడు కాదు. గోడవైపు చూస్తూ నన్నడిగేవాడు, నేను ఆమెనడిగి ఆయనకు చెప్పేదాన్ని. అది మర్యాద అని ఆయన నమ్మకం. ఆ మర్యాద వల్ల ఎందరు ఆడవాళ్ల రోగాలు సగం సగమే తెలిశాయో నాకు తెలుసు. నేనూ ఆయన అడిగినదే అడిగేదాన్ని తప్ప, సొంతంగా ఒక్క ప్రశ్న అదనంగా వేసేదాన్ని కాదు.

పట్నంలో పెద్దాసుపత్రిలో క్యాన్సరుకు కరెంటు పెట్టే యంత్రం ఉండేది. జనం ఆ రేడియేషన్ చికిత్సను కరెంటు అనే పిలిచేవాళ్లు, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ. అక్కడి డాక్టరు మా సాబ్‌కు చదువుకున్న రోజుల నుంచి స్నేహితుడు. మా వైపు రోగులను వికారాబాద్‌లోనే ఉంచి, పొద్దున రైల్లో పట్నం పంపి, కరెంటు పెట్టించుకుని వచ్చాక సాయంత్రం మా దగ్గర చూపించుకునేలా ఇద్దరూ ఏర్పాటు చేసుకున్నారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. సాయంత్రం వచ్చిన రోగి బరువు, విరేచనాలు, మూత్రం, కరెంటు పెట్టిన చోట చర్మం, ఇవన్నీ చూసి చీటీ మీద రాయడం నా పని. తిండి సంగతి చెప్పడం కూడా నా పనే.

బీరయ్య

బీరయ్య ధారూర్ పక్క పల్లెలో గొర్ల కాపరి. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవాడు. మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో గడ్డ లేచి మూత్రం బందైపోతే పట్నంలో ఆపరేషన్ చేసి దారి తెరిచారు. ఆ గడ్డ క్యాన్సరని తేలింది. ఇక కరెంటు పెట్టాలన్నారు. వికారాబాద్‌లో అతని బిడ్డ పోశమ్మ ఉండేది. అల్లుడు రైలు పట్టాల మీద గ్యాంగులో కూలీ. ఆ ఆరు వారాలూ బీరయ్య బిడ్డ ఇంట్లో ఉండాలని నిర్ణయమైంది.

మొదటి రోజు తండ్రీబిడ్డలను కూర్చోబెట్టి నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అది తప్పుడు ఉపన్యాసం కాదు. కరెంటు గడ్డకే పెట్టినా, ఆనుకుని ఉన్న పేగుకూ సెగ తగులుతుంది. రెండో వారం దాటేసరికి విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని పేగును కష్టపెట్టే పీచు, పొట్టు, ఆకుకూర, పచ్చి ఉల్లిగడ్డ, కారం, చిక్కటి పాలు మానేయాలి. మెత్తటి వరి అన్నం, పలుచని చారు, చెక్కు తీసిన సొరకాయ, ఉడికిన గుడ్డు తినాలి. పొద్దున కడుపు ఖాళీ చేసుకుని రైలెక్కాలి, ఎందుకంటే పేగులో మలం, గాలి నిండి ఉంటే లోపలి అవయవాలు చోటు తప్పుతాయి. రైలు దిగే ముందు రెండు చెంబుల నీళ్లు తాగి, కరెంటు అయ్యేదాకా మూత్రం ఆపుకోవాలి. మూత్రాశయం నిండి ఉంటే పేగు పైకి జరిగి సెగ తప్పించుకుంటుందని పట్నం డాక్టరు చెప్పేవాడు. చర్మం మీద వాళ్లు గీసిన సిరా గుర్తులు చెరపకూడదు, అక్కడ సబ్బు, నూనె రాయకూడదు, గోచి బిగించకూడదు.

బీరయ్య అంతా విని నవ్వాడు.

"సిస్టరమ్మా, మూత్రం రాకనే గద నేను మీ కాడికి వచ్చింది. అప్పుడు పొయ్యిమంటిరి, ఇప్పుడు ఆపుమంటున్నరు. జర ఒక్క మాట మీద నిలబడుండ్రి."

నాకూ నవ్వొచ్చింది. ఆ తరువాత అతను తిండి సంగతికి వచ్చాడు.

"రొట్టె తినొద్దంటివి, కందిపప్పొద్దంటివి, ఉల్లిగడ్డొద్దంటివి. ఇగ తినేటిదేమున్నది?"

"తెల్లబువ్వ తిను తాతా. రెండు పూటలా మెత్తగ వండిపిచ్చుకో. రోజూ పండుగే నీకు."

"రోజూ తెల్లబువ్వనా?" అని బిడ్డ వైపు చూశాడు.

అతని గొంతులో వినబడ్డది సంతోషమనుకున్నాను. పోశమ్మ తల వంచుకుని, "పెడతా సిస్టరమ్మా" అంది. తినాల్సినవాటిని చీటీ మీద రాసి ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. చీటీని కొంగున ముడేసుకుని వెళ్లింది.

వరండాలో నేను అన్న మాట

రెండో వారం దాకా బాగానే నడిచింది. మూడో వారం మొదట్లో విరేచనాలు మొదలయ్యాయి. అవి రావడం మామూలే, కానీ బీరయ్యకు వచ్చినవి మామూలు విరేచనాలు కావు. రోజుకు పది పన్నెండుసార్లు పోయేవాడు. మనిషి వారంలోనే వాడిపోయాడు. రైల్లో కూర్చోలేక ఒకరోజు సగం దారిలో దిగి తిరిగొచ్చాడు. పట్నం డాక్టరు కరెంటు ఆపి చీటీ పంపాడు. వారం రోజుల్లో విరేచనాలు కట్టాలి, మళ్లీ మొదలుపెట్టాక ఇంకోసారి ఆగితే తాను చికిత్స కొనసాగించనని రాశాడు. ఎందుకో మీకు అర్థమయ్యేలా చెబుతాను. కరెంటు ఆగినన్ని రోజులూ గడ్డ తేరుకుంటుంది. మధ్యలో మాటిమాటికీ ఆపితే రోగికి కష్టం మిగులుతుంది తప్ప గడ్డ చావదు. కాబట్టి బీరయ్య ప్రాణం అప్పుడు అతని పేగు మీద ఆధారపడి ఉంది.

బీరయ్యను లోపల పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాను. బయటికొచ్చేసరికి వరండాలో పోశమ్మ నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు ఏడో నెల దాటింది. వరండా నిండా జనం.

"ఇంట్ల ఏం పెడుతున్నవ్?" అనడిగాను.

"బువ్వనే పెడుతున్న సిస్టరమ్మా."

"బువ్వ తింటే గిట్ల కాదు. రొట్టె పెడుతున్నవ్, కారం పెడుతున్నవ్. బువ్వ వండనీకి ఒళ్లు బరువైతున్నదా?"

"లేదమ్మా. రెండు పూటలా వండుతున్న."

"అబద్ధమాడకు. నీ అయ్యను నీ చేతులతోటి చంపుకుంటున్నవ్."

ఈ మాట అందరి ముందూ అన్నాను. క్యూలో ఉన్న ఒక ముసలమ్మ పోశమ్మ వైపు చూసి నాలుక చప్పరించింది. పోశమ్మ కొంగు కడుపు మీదికి లాక్కుని గోడకు జరిగి నిలబడింది. ఎదురు చెప్పలేదు కాబట్టి నేనన్నది నిజమేనని తేల్చుకున్నాను. పైగా, గట్టిగా చెప్పాను, ఇక దారికొస్తుందని లోపల సంతోషపడ్డాను కూడా.

సెలైన్ మీద, నేను దగ్గరుండి తినిపించిన గంజి మీద, వారంలో విరేచనాలు కట్టాయి. కరెంటు మళ్లీ మొదలైంది. అతన్ని బిడ్డ ఇంటికి పంపాను. నాలుగు రోజులకే మళ్లీ కడుపు కదిలింది.

రైల్లో రొట్టె

ఆ మర్నాడు మందుల కోసం నేను పట్నం పోవాల్సి వచ్చింది. తాండూరు వైపు నుంచి వచ్చే రైలు వికారాబాద్‌కు చేరేసరికే కిక్కిరిసి ఉండేది. ఒక మూలన సేడం వైపు ఆడవాళ్లు కన్నడంలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ల పక్కన ఇరుక్కుని నిలబడి చూస్తే, అవతలి బల్ల మీద బీరయ్య కనబడ్డాడు. అతని ఎదురుగా ధారూర్‌లో ఎక్కిన ఇంకో గొర్ల కాపరి కూర్చున్నాడు. ఆ కాపరి ఒళ్లో మూట విప్పి ఉంది. అందులో జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిగడ్డ ఉన్నాయి. బీరయ్య రొట్టె తుంచి కారంలో అద్దుకుని తింటున్నాడు. ఆకలిగొన్న మనిషి తినే తీరులో తింటున్నాడు.

జనాన్ని తోసుకుని దగ్గరికి పోయాను. నన్ను చూసి అతను దాచుకోలేదు. చేతిలోది నమిలి మింగి, చెయ్యి గొంగడికి తుడుచుకున్నాడు.

"తాతా, పొద్దుగాల పోశమ్మ బువ్వ పెట్టలేదా?"

"పెట్టింది."

"మరి తినలేదా?"

"దానికే పెట్టిన. కడుపుతోటున్న పిల్ల సిస్టరమ్మా. నాకు గిన్నెల తెల్లబువ్వ పెట్టి, అది పక్కకు కూసోని జొన్నగట్క తింటది. అల్లుడు రాళ్లు మోసొచ్చి రొట్టె తింటడు. బిడ్డనిచ్చిన ఇంట్ల తినుడే నామోషీ. అండ్ల నేనొక్కణ్ణే పండుగ చేసుకోవాల్నా? నా గొంతుల ఎట్ల దిగుతది?"

"ఆమె ఒప్పుకున్నదా మరి?"

"ఒప్పుకోదు గద. నాకు సయిస్తలేదన్న. కరెంటు పెట్టినకాడికెళ్లి బువ్వ వాసన పడ్తలేదన్న. పారబోసుడెందుకు, నువ్వు తినమన్న."

నేను పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను. కరెంటు ఆగితే ఏమవుతుందో మళ్లీ చెప్పాను. అతను తలూపుతూ విన్నాడు. అతనికి అదంతా మొదటినుంచీ అర్థమయ్యే ఉంది. అర్థం కానిది నాకు. తెల్లబువ్వ పండుగ అని నేనే అన్నాను, మళ్లీ దాన్ని రెండు పూటలా ఒక్కడినే తినమని చీటీ రాశాను. ఆ ఇంట్లో ఇంకెవరు తింటారో, ఏం తింటారో అడగలేదు. మా ఇంట్లో గిన్నెలో అన్నం ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోవడమన్నది నేనెప్పుడూ చూడలేదు. అడగాలని తట్టకపోవడానికి అదే కారణం.

మల్లమ్మ పొయ్యి

సాయంత్రం డాక్టర్ సాబ్‌కు అంతా చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ పిల్లను అందరి ముందట తిట్టినవ్ గద?"

"తిట్టిన సాబ్."

"మరి మాఫీ?"

"వాళ్లింటికి పోయి అడుగుత."

"తిట్టుడు వరండాల, మాఫీ చాటుకా?" అని అద్దాలు పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికీ పోలేదు, వరండాలోనూ అడగలేదు. ఇవాళ రేపని వాయిదా వేశాను. తప్పు చేయడం కన్నా ఆ వాయిదా వేయడమే నాకిప్పుడు ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

అసలు చిక్కును విప్పింది మాత్రం నేనూ కాదు, సాబూ కాదు. రైల్లో కలిసే ఆ గొర్ల కాపరి చేత బీరయ్య భార్య మల్లమ్మకు సంగతంతా కబురు పంపాను. ఆదివారం ఆమె నెత్తిన మూట పెట్టుకుని దిగింది. వస్తూనే మొగుణ్ణి దులిపేసింది.

"గొర్రెకు ఏ మేత పడదో చూసి మలుపుతడు. తన కడుపుకు ఏది పడదో మటుకు ఎరుకలేదు."

ఆ మూటలో బియ్యం ఉన్నాయి. ఎండాకాలం రైతుల మడుల్లో ఎరువు కోసం గొర్ల మందను నిలుపుతారు. దానికి రైతులు గింజలిస్తారు. ఎప్పుడూ జొన్నలు తీసుకునే మల్లమ్మ, ఈసారి చెరువు కింద వరి పండించే రైతు దగ్గరికి పోయి వడ్లు అడిగి తెచ్చి దంచుకుంది. బిడ్డ ఇంటి ముందు మూడు రాళ్లు పెట్టి వేరే పొయ్యి వేసింది.

"గీ పొయ్యి నాది, బియ్యం నావి. గిది అల్లునింటి బువ్వ కాదు, మనింటి బువ్వ. ఇగ తిననీకి ఏమడ్డం?" అని మొగుణ్ణడిగింది.

ఆమె ఆ పొయ్యి మీద ఇద్దరికి సరిపడా వండింది. ఒక కంచం మొగుడికి, ఒక కంచం బిడ్డకు. తండ్రి కళ్లెదుట బిడ్డ తింటుంటే అతనికి బువ్వ గొంతు దిగింది. వారం తిరిగేసరికి విరేచనాలు మూడు నాలుగుకు తగ్గాయి. కరెంటు ఇక ఒక్కరోజు కూడా ఆగలేదు. నీళ్లు తాగి ఆపుకోవడం కూడా నేర్చుకున్నాడు. "మంద దాటేదాక ఆగినట్టు ఆగుతున్న" అని నాతో పరాచికాలాడేవాడు. ఆరు వారాలు పూర్తయ్యాయి. ఆ తరువాత అతను చాలా ఏళ్లు గొర్లు కాశాడు. పోశమ్మకు ఆడపిల్ల పుట్టింది. తక్కువ బరువు పిల్ల, కానీ నిలిచింది.

మీరు అడగాల్సింది

ఆ కేసు తరువాత చీటీ ఇవ్వడం మానలేదు, కానీ ముందు అడగడం నేర్చుకున్నాను. తరువాత నన్ను తాండూరుకు వేశారు. నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లు, రైతులు, బేరగాళ్లు, అందరూ వచ్చేవాళ్లు. కందిపప్పుకు పేరున్న ఊళ్లో కందిపప్పు మానమని చెబితే నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. "మీ ఇంట్ల ఇయ్యాల ఏం వండిన్రు? ఎవరెవరు తిన్నరు? ఆఖరుకు ఎవరు తిన్నరు?" అని అడిగేదాన్ని. ఆఖరున తినేది ఎవరో తెలిస్తే ఆ ఇంటి సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పటి యంత్రాలు వేరు. గడ్డ మీదికి గురి ఎక్కువ, పేగుకు సెగ తక్కువ అంటున్నారు. కరెంటు పెట్టే రోజుల్లో ఏం తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి అన్నది మీ డాక్టర్లు మీకు చెబుతారు. నేను రాసిన పాత చీటీని చూసి ఎవరూ పాటించనక్కర్లేదు. ఆ తిండి రోగి నోటిదాకా చేరుతోందా లేదా అన్నది మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. అది మీరే కనుక్కోవాలి.

ఆఖరి రోజు

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. కరెంటు పూర్తయిన రోజు సాయంత్రం బీరయ్య, పోశమ్మ ఎప్పటిలాగే వచ్చారు. వరండాలో ఆ రోజూ జనం ఉన్నారు. బీరయ్య తూకం ఎక్కాడు. పోయిన బరువులో సగం తిరిగొచ్చింది. అతను దిగాక నేను పోశమ్మ ముందు నిలబడ్డాను. లోపల గదిలోంచి డాక్టర్ సాబ్ చూస్తున్నాడని తెలుసు.

"పోశమ్మా, ఆనాడు నిన్ను అబద్ధమాడుతున్నవన్న. నువ్వు నిజమే చెప్పినవ్. తప్పు నాది. మాఫ్ చెయ్యి."

పోశమ్మ నేలకేసి చూస్తూ నిలబడింది. ఆనాడు కూడా అలాగే నిలబడింది.

"నేనెందుకు మాట్లాడలేదో ఎరుకనా సిస్టరమ్మా," అంది మెల్లగా. "అయ్య సయిస్తలేదంటె నేను నమ్మలే. బువ్వ నా దిక్కు జరిపి గోడ దిక్కు చూసేటోడు. ఆకలైతుంటె మనిషి ఎట్లుంటడో నాకు తెల్వదా? ఎరుకయ్యే తిన్న. నాకు గూడ ఆకలైతుండె."

బీరయ్య కర్ర ఆమె చేతిలో ఉంది. కరెంటు ఆగిన వారంతో కలిపి ఆ ఏడు వారాలూ, తండ్రి తూకమెక్కిన ప్రతిసారీ ఆ కర్ర పట్టుకుని నా పక్కనే నిలబడేది. ఏడో నెలలో వచ్చిన మనిషి తొమ్మిదో నెలకు వచ్చింది. చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి. నేను రోజూ ఆమెను దాటి చెయ్యి చాచి తూకం సరిచేసుకుని, ఆమె తండ్రి బరువు రాసుకునేదాన్ని.

కర్ర ఆమె చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించాను.

"నువ్వెక్కు బిడ్డా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి తండ్రిని చూసింది, తరువాత చెప్పులు విడిచి ఎక్కింది. ఆమె పేరుతో మా దవాఖానలో చీటీ లేదు. బీరయ్య చీటీనే వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఆమె బరువు రాశాను.